రాన్ పాల్ బాల్డ్విన్ వైపు ఎందుకు మొగ్గారు?

ప్రశ్న: 1988లో లిబర్టేరియన్ పార్టీ (ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలనే పార్టీ) తరఫునే అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన టెక్సస్ రిపబ్లికన్ నేత రాన్ పాల్, 2008లో ఆ పార్టీ అభ్యర్థి బాబ్ బార్‌ను కాదని మరో చిన్న పార్టీ అయిన కాన్‌స్టిట్యూషన్ పార్టీ అభ్యర్థి చక్ బాల్డ్విన్‌ను బలపరిచారు. పాల్ అభిమానులకు అంత ఒళ్లు మండింది ఇందుకేనా?

జవాబు: ముందు తేదీలు చూడండి. సెప్టెంబరు 10న వాషింగ్టన్‌లో పాల్ విలేకరుల సమావేశం పెట్టి, డెమోక్రాట్, రిపబ్లికన్ పార్టీలు కాని మూడో పార్టీల వాళ్లలో ఎవరికైనా వేయండన్నారు. స్వతంత్ర అభ్యర్థి రాల్ఫ్ నేడర్, గ్రీన్ పార్టీ అభ్యర్థి సింథియా మెకిన్నీ, బాల్డ్విన్ వచ్చారు. వాళ్ల మధ్య ఏకాభిప్రాయం కుదిరిన అంశాలు నాలుగు: విదేశాంగ విధానం, వ్యక్తిగత గోప్యత, జాతీయ అప్పు, ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు). బార్ రాలేదు సరికదా, అదే రోజు వేరుగా తన సమావేశం పెట్టి, తన కింద ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉండమని పాల్‌నే పిలిచారు! 22న పాల్ బాల్డ్విన్ పేరు చెప్పేశారు.

మరో జవాబు: అలకల సంగతి అలా ఉంచితే, చిక్కంతా సిద్ధాంతంలో ఉంది. కాన్‌స్టిట్యూషన్ పార్టీ దిగుమతి సుంకాలు కావాలంటుంది. స్వేచ్ఛా వాణిజ్యం కోరే లిబర్టేరియన్లకు అదెలా మింగుడుపడుతుంది? అలాగని బార్ కడిగిన ముత్యమేమీ కాదు. 2001లో ప్రభుత్వ నిఘా అధికారాలు పెంచిన పేట్రియట్ చట్టానికి ఓటేసి, తర్వాత నాలుక కరుచుకున్నారు.

ఇంకొకరు: పాల్ సొంత రాష్ట్రం టెక్సస్‌లోనే బాల్డ్విన్ పేరు బ్యాలెట్‌పై అచ్చు కాలేదు. ఓటరే ఆయన పేరు రాసి వేయాల్సిందే. చివరికి బార్‌కు సుమారు 5.23 లక్షలు, బాల్డ్విన్‌కు 2 లక్షల లోపు ఓట్లు.