షహబాజ్ భట్టీ చట్టాన్ని మార్చలేకపోయారు, మరి ఆయన చేసిన పని ఏమిటి?

గోదారిగట్టు (ప్రశ్న)

పాకిస్తాన్ మైనారిటీ వ్యవహారాల మంత్రి షహబాజ్ భట్టీ గురించి తెలుగులో దొరికేవి రెండే రకాలు. 2011లో కాల్చి చంపారన్న వార్త ఒకటి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చారన్న చర్చి పత్రికల వ్యాసం ఇంకొకటి. రెండింట్లోనూ ఆయన చావే ఉంది, పని లేదు. రెండేళ్ల పైచిలుకు మంత్రిగా ఉన్నా దైవదూషణ చట్టంలో ఒక్క అక్షరం మారలేదు కదా, మరి ఆయన సాధించిందేమిటి? పనిలో పనిగా, ఆ చట్టం కింద కేసు ఫిర్యాదు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎలా నడుస్తుందో, ఎక్కడ చెడుతుందో కూడా తెలిసినవాళ్లు చెప్పండి. ఆ చట్టం కింద ఉరిశిక్ష పడ్డ క్రైస్తవ మహిళ ఆసియా బీబీ ఎనిమిదేళ్లు జైల్లో మగ్గడానికి కారణం ఏ దశలో ఉందో నాకు అంతుపట్టలేదు.

పాతకాగితం (జవాబు)

అక్షరం మారలేదన్నది నిజమే. కానీ ఆ ఒక్క కొలతతో చూస్తే భట్టీ పనిలో ముప్పాతిక వంతు కనపడకుండా పోతుంది. చట్టం మార్చే బలం ఆయన చేతిలో ఏనాడూ లేదు. జాతీయ అసెంబ్లీలో అప్పుడు 342 సీట్లుంటే ముస్లిమేతరులకు కేటాయించినవి 10. పీపుల్స్ పార్టీ జాబితాలోంచి 2008లో ఆయన వచ్చింది కూడా అలాంటి సీటు మీదే. అందుకని సభలో మెజారిటీ అక్కర్లేని చోట్లు వెతుక్కున్నారు. కేబినెట్ నిర్ణయం, శాఖాపరమైన ఉత్తర్వు లాంటివి.

పుట్టింది 1968 సెప్టెంబర్ 9న లాహోర్‌లో. ఇంటివాళ్ల ఊరు ఫైసలాబాద్ జిల్లా ఖుష్‌పూర్, మిషనరీల చేతుల మీదుగా ఏర్పడ్డ కాథలిక్ గ్రామం. 1985లో, విద్యార్థిగా ఉండగానే, క్రిస్టియన్ లిబరేషన్ ఫ్రంట్ పెట్టారు. అప్పటికి సైనిక పాలకుడు జియా ఉల్ హక్ తెచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలు అమల్లోకి వచ్చాయి. అంటే క్రైస్తవుడు క్రైస్తవ అభ్యర్థికే, హిందువు హిందూ అభ్యర్థికే ఓటేయాలి. జాతీయ అసెంబ్లీ విషయంలోనైతే దేశమంతా ఒకే నియోజకవర్గం. స్థానిక ఎంపీకి మైనారిటీ బస్తీ ఓటుతో పనే లేదు కాబట్టి అక్కడ కాలువ పూడినా, గొడవ జరిగినా తొంగి చూడాల్సిన అవసరం ఉండేది కాదు. ఈ పద్ధతి 2002లో పోయింది, ఉమ్మడి ఓటు వచ్చింది. అహ్మదీలను (తాము ముస్లింలమని చెప్పుకున్నా పాకిస్తాన్ చట్టం ఒప్పుకోని వర్గం) మాత్రం ఇప్పటికీ వేరే జాబితాలో ఉంచారు.

అదే 2002లో భట్టీ, మరికొందరు కలిసి ఆల్ పాకిస్తాన్ మైనారిటీస్ అలయన్స్ మొదలుపెట్టారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే. క్రైస్తవులు ఎక్కువగా పంజాబ్‌లో, హిందువులు ఎక్కువగా సింధ్‌లో ఉంటారు. ఎవరికి వారు అడిగితే ఏ రాష్ట్రం గొడవ ఆ రాష్ట్రానిదిగా తేలిపోతుంది. కలిసి అడిగితేనే ఇస్లామాబాద్ దాకా వినపడుతుంది.

2008 నవంబర్‌లో మంత్రి అయ్యారు, ఆ పదవికి కేబినెట్ హోదా ఇచ్చింది అప్పుడే. ఆ తర్వాత జరిగినవి వరసగా: 2009లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మైనారిటీలకు 5 శాతం కోటా. అదే ఏడు ఆగస్టు 11ను జాతీయ మైనారిటీల దినంగా ప్రకటించడం (1947లో జిన్నా రాజ్యాంగ సభలో మతంతో రాజ్యానికి సంబంధం లేదని ప్రసంగించిన తేదీ అది, ఊరికే ఎంచుకున్నది కాదు). 2010లో 18వ రాజ్యాంగ సవరణ ద్వారా సెనేట్‌లో ముస్లిమేతరులకు 4 సీట్లు, రాష్ట్రానికొకటి. 2010 జూలైలో అన్ని మతాల పెద్దలను కూర్చోబెట్టి ఉగ్రవాదానికి వ్యతిరేకంగా ఉమ్మడి ప్రకటన చేయించడం. ఇందులో ఏదీ పతాక శీర్షిక కాదు. అయినా ఆయన పోయాక కాగితం మీద మిగిలినవి ఇవే.

సెక్షన్‌రావు (జవాబు)

కేసు ఎలా నడుస్తుందో నేను చెప్తాను. ముందు ఒక లెక్క సరిచేద్దాం. ఆసియా బీబీ అరెస్టయింది 2009 జూన్‌లో, నిర్దోషిగా తేలింది 2018 అక్టోబర్ 31న. అంటే తొమ్మిదేళ్లు దాటింది. మీరు చెప్పిన ఎనిమిదేళ్లు ఉరిశిక్ష పడ్డాక గడిచినవి.

పాకిస్తాన్ శిక్షాస్మృతిలో 295-ఎ బ్రిటిష్ వాళ్లు 1927లో పెట్టింది. 295-బి (ఖురాన్‌ను అపవిత్రం చేయడం) 1982లో, 295-సి (ప్రవక్తను కించపరచడం) 1986లో వచ్చాయి. 295-సి కింద మొదట మరణశిక్ష లేదా యావజ్జీవం ఉండేది. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు (చట్టాలు ఇస్లాంకు సరిపోతాయో లేదో చూసే కోర్టు) యావజ్జీవం చెల్లదంది, మరణశిక్ష ఒక్కటే మిగిలింది. అయితే ఈ సెక్షన్ కింద ప్రభుత్వం ఇంతవరకు ఎవరినీ ఉరితీయలేదు. చంపుతున్నది గుంపులూ, తుపాకులూ.

ఎక్కడ చెడుతుందంటే, మొట్టమొదటి కాగితంలోనే. 295-ఎలో "ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో" అన్న షరతు ఉంది. కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. 295-సిలో ఈ రెండూ లేవు. నిందితుడి ఉద్దేశమేమిటో సెక్షన్ అడగదు. ఫిర్యాదీ ఆ మాటలు తన చెవులతో విని ఉండాల్సిన పని కూడా లేదు.

ఆసియా బీబీ కేసు చూడండి. షేక్‌పురా దగ్గర ఇట్టన్‌వాలీ ఊళ్లో ఫాల్సా పళ్లు కోస్తుండగా మంచినీళ్ల దగ్గర ఆమెకూ తోటి మహిళలకూ మాటా మాటా పెరిగింది జూన్ 14న. అప్పుడే ప్రవక్తను కించపరిచిందన్నది ఆరోపణ. ఎఫ్ఐఆర్ జూన్ 19న. ఫిర్యాదు చేసిన ఊరి ఇమాం ఆ తోటలో లేనే లేడు. మధ్యలో ఐదు రోజులు ఏం జరిగిందన్నదే ఈ కేసంతా. ఒక పంచాయతీ పెట్టారు, అక్కడ ఆమె తప్పొప్పుకుందన్నారు. ఆ పంచాయతీకి ఎంతమంది వచ్చారని అడిగితే ఒక సాక్షి 100 అన్నారు, మరొకరు 2000 పైనే అన్నారు. ఎవరింట్లో పెట్టారన్నదానికీ పొంతన లేదు. సుప్రీంకోర్టు ఆమెను వదిలేసింది వీటి మీదే. కొత్త సాక్ష్యమేమీ బయటపడలేదు, ఈ తేడాలన్నీ 2010 నాటి కింది కోర్టు రికార్డులోనే ఉన్నాయి.

మరి కింది కోర్టు ఎందుకు చూడలేదు? మొదటిది, 295-సి కేసు విచారించే సెషన్స్ జడ్జి ముస్లిం అయి ఉండాలని చట్టంలోనే ఉంది. రెండోది, హాలు నిండా ఫిర్యాదీ వైపు జనం. మూడోది చాలామంది పట్టించుకోరు. డిఫెన్స్ వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు ఆరోపణ మీద ప్రశ్నించకపోతే, ఆ ఆరోపణను ముద్దాయి ఒప్పుకున్నట్టే లెక్కగడతారు. ఈ కేసుల్లో వకీలుకు ఆ మాటలు నోటితో తిరిగి పలకడమే భయం. 2014 అక్టోబర్‌లో లాహోర్ హైకోర్టు శిక్షను ఖాయం చేసినప్పుడు, తోటలో అన్నట్టు చెప్పిన మాటల మీద సాక్షులను సరిగా ప్రశ్నించలేదన్నది ఒక కారణంగా చూపింది. వకీళ్ల భయం ఉత్తది కాదు. ముల్తాన్‌లో రషీద్ రెహ్మాన్ అనే న్యాయవాదిని ఇలాంటి కేసు పట్టినందుకు 2014 మే 7న ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు.

పైకి వెళ్లాక కూడా జాప్యమే. సుప్రీంకోర్టు 2015 జూలైలో ఉరి నిలిపేసింది. 2016 అక్టోబర్‌లో విచారణ రోజున బెంచిలో ఒక జడ్జి తప్పుకున్నారు. మళ్లీ రెండేళ్లు.

ఒక సవరణ మాత్రం భట్టీ మంత్రి కాకముందే వచ్చింది. 295-సి కేసును ఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఎస్పీ వచ్చేది ఎఫ్ఐఆర్ నమోదయ్యాక. స్టేషన్ బయట వందలమంది గుమిగూడినప్పుడు ఎస్సై ముందు రాసేస్తాడు, లోపల వేస్తాడు, ఆపైనే ఏ పరిశీలనైనా. నిందితుణ్ణి గుంపు నుంచి కాపాడాలన్నా ఆ క్షణాన అరెస్టు తప్ప ఎస్సైకి వేరే దారి కనపడదు. ఈ వరసను తిరగేయడమే అసలు సంస్కరణ, శిక్ష తగ్గించడం కాదు.

గోదారిగట్టు

సెక్షన్‌రావు గారూ, చాలా వివరంగా రాశారు, థ్యాంక్స్. మరి భట్టీ అడిగింది ఈ వరస మార్చమనేనా, చట్టాన్నే ఎత్తేయమనా? మన దగ్గర కూడా 295-ఎ ఉంది కదా, ఇక్కడ అదే గతి పట్టలేదేం? ఇంకోటి, ఆ 5 శాతం కోటా నిజంగా అమలైందా?

సెక్షన్‌రావు

ఆయన పైకి గట్టిగా చెప్పింది దుర్వినియోగం ఆగేలా సవరించాలని. మరణశిక్ష తీసేయాలని 2010 నవంబర్‌లో బిల్లు పెట్టింది పీపుల్స్ పార్టీ ఎంపీ షెర్రీ రెహ్మాన్, భట్టీ కాదు. 2011 ఫిబ్రవరికల్లా సొంత పార్టీ వెనక్కి తగ్గడంతో ఆమె దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. ఆసియా బీబీ కేసు పరిశీలించమని అధ్యక్షుడు జర్దారీ భట్టీకి అప్పగించారు. తీర్పు నిలవదనే ఆయన నివేదిక ఇచ్చారు. ఆమె తరఫున మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడే చంపాడు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 2న, ఇస్లామాబాద్‌లో తల్లి ఇంటి నుంచి ఆఫీసుకు బయల్దేరిన భట్టీ కారును అడ్డగించి కాల్చారు. అప్పుడు వెంట భద్రతా సిబ్బంది లేరు.

మన 295-ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. పుట్టుక రెండు దేశాల్లోనూ ఒకటే, 1927లో, లాహోర్‌లో ఒక పుస్తకం మీద రేగిన గొడవ తర్వాత. మన దగ్గర దురుద్దేశం రుజువు చేయాలి, గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కోర్టు విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇక్కడా ఎఫ్ఐఆర్‌కు, అరెస్టుకు ఆ అనుమతి అక్కర్లేదు, అందుకే ఫేస్‌బుక్ పోస్టుకు కూడా రాత్రికి రాత్రి ఎత్తుకెళ్లడం చూస్తుంటాం. కేసు తర్వాత నిలవకపోవచ్చు గాని, జైలుకెళ్లి రావడం మాత్రం తప్పదు.

రోస్టర్‌పాయింట్ (జవాబు)

కోటా సంగతి నేను చెప్తా. ఇక్కడ గ్రూప్స్‌కు చదివేవాళ్లకు రోస్టర్ (కోటా పోస్టు వరసలో ఎన్నోదో చూపే పట్టిక) అంటే ఏమిటో వివరించక్కర్లేదు. 5 శాతం అంటే 20 పోస్టులకు ఒకటి. ఒక ఆఫీసు 8 పోస్టులకు ప్రకటన ఇస్తే మైనారిటీ వాటా సగం కూడా రాదు, సున్నా చేసేస్తారు. ఖాళీలన్నీ కలిపి లెక్కగట్టి, మిగిలిన భిన్నాన్ని తర్వాతి నియామకానికి మోస్తేనే కోటా పనిచేస్తుంది. ఆ మోసే పుస్తకం ఎవరు రాయాలి, రాయకపోతే ఎవరిని అడగాలి అన్నది గట్టిగా లేకపోతే శాతం ఎంతైనా ఒకటే.

రెండో చిక్కు అర్హత. పంజాబ్ క్రైస్తవుల్లో పెద్ద భాగం పారిశుధ్య పనిలోనో, ఇటుక బట్టీల్లోనో ఉన్న కుటుంబాలు. డిగ్రీ అడిగే పోస్టులకు దరఖాస్తులే రావు, అవి ఖాళీగా మిగులుతాయి. కిందిస్థాయి పోస్టులు నిండుతాయి, ఎందుకంటే స్వీపర్ ఉద్యోగాలకు "ముస్లిమేతరులు మాత్రమే" అని బాహాటంగా ప్రకటనలు ఇచ్చిన మున్సిపాలిటీలున్నాయి. అలా రోడ్లు ఊడ్చేవాళ్లను లెక్కలో చూపించి వాటా నిండిందంటే ఎవరికి ఉపయోగం? పెషావర్ చర్చి మీద 2013 సెప్టెంబర్‌లో బాంబు దాడి జరిగాక సుప్రీంకోర్టు 2014 జూన్ 19న ఇచ్చిన తీర్పులో ఈ కోటాను అమలు చేయమని ప్రత్యేకంగా ఆదేశించాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. అయినా ఆదేశించడానికి ఒక కోటా అంటూ ఉంది కదా, అంతవరకు భట్టీ ఖాతాలో వేయాలి.

పాతకాగితం

18వ సవరణలో ఒక విడ్డూరం కూడా ఉంది. సెనేట్‌లో 4 సీట్లు ఇచ్చింది అదే, భట్టీ శాఖను మింగేసిందీ అదే. అధికారాలు రాష్ట్రాలకు బదలాయించడంలో భాగంగా 2011 మధ్యలో మైనారిటీ శాఖను కేంద్రంలో రద్దు చేశారు. విమర్శలు రావడంతో జాతీయ సామరస్యం పేరుతో ఇంకో శాఖ పెట్టారు, 2013లో దాన్ని మత వ్యవహారాల శాఖలో కలిపేశారు.

సీట్ల లోపం ఇంకా అలాగే ఉంది. జాతీయ అసెంబ్లీలోని ఆ 10 మందినీ పార్టీ అధినేతలు జాబితాలో పెడతారు, జనం నేరుగా ఎన్నుకోరు. బస్తీకి కోపమొస్తే సీటు పోదు, నాయకుడికి కోపమొస్తే పోతుంది. భట్టీ లాంటివాడు ఆ దారిన రావడం అరుదు.

సెక్షన్‌రావు గారు చెప్పిన ఎఫ్ఐఆర్ దశకు ఒక ఎదురు ఉదాహరణ ఉంది. రిమ్షా మసీహ్ అనే మైనరు బాలికను ఖురాన్ పేజీలు కాల్చిందన్న ఆరోపణతో 2012 ఆగస్టులో ఇస్లామాబాద్ శివార్లలో అరెస్టు చేశారు. అప్పటికి షహబాజ్ భట్టీకి అన్నయ్య అయిన పాల్ భట్టీ ప్రధాని సలహాదారు. సెప్టెంబర్‌లో బెయిలు, నవంబర్ 20న హైకోర్టు ఎఫ్ఐఆర్‌నే కొట్టేసింది. మూడు నెలల్లో తేలడానికి కారణాలున్నాయి. రాజధాని కేసు, పిల్ల వయసు, కొందరు ముస్లిం మతపెద్దలే ఆమె పక్షాన నిలబడటం. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె సంచిలో ఖురాన్ పేజీలు పెట్టింది మసీదు ఇమామేనని ఆయన దగ్గరివాళ్లే సాక్ష్యం చెప్పారు. ఇమాం మీద పెట్టిన కేసు మాత్రం, సాక్షులు మాట మార్చడంతో, 2013లో వీగిపోయింది.