బాపుకు కరోనా పాజిటివ్, ఇంట్లో ఒక్కటే బాత్రూం (2021 మే)

హనుమకొండలో రెండు గదుల ఇల్లు మాది. బాపుకు నిన్న పాజిటివ్ వచ్చింది, 61 ఏళ్లు, షుగర్ ఉంది. జ్వరం 101, ఆక్సిజన్ 96. అమ్మ మాస్కు లేకుండానే జావ గిన్నె పట్టుకుని లోపలికి పోతోంది, ఎంత చెప్పినా వినట్లేదు. పక్కింటాయనేమో ఇప్పుడే స్టెరాయిడ్ మాత్రలు వేయమంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు 1: అన్నా, డాక్టర్ చెప్పకుండా ఆ మాత్రలు అస్సలు వేయకండి. ఆక్సిజన్ తగ్గనివాళ్లకు వాటితో లాభం లేదు, పైగా షుగర్ బాగా పెరుగుతుంది, బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు ఎక్కువగా వస్తున్నది కూడా షుగర్ ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్లకే. షుగర్ రోజూ చూడండి.

జవాబు 2: తమ్మీ, మా ఇంట్లోనూ పోయిన నెల ఇదే పరిస్థితి. మా మామయ్య అందరికంటే చివర స్నానం చేసేవారు, తర్వాత కిటికీ తెరిచిపెట్టి, అరగంట ఆగి, మాస్కు పెట్టుకుని నల్లా, గడియ, మగ్గు బ్లీచింగ్ నీళ్లతో తుడిచేదాన్ని. గడప బయట స్టూలు వేసి దానిమీద అన్నం పెట్టేవాళ్లం. అమ్మ మీద కోప్పడకు, నలభై ఏళ్లు ఆయనకు వండిపెట్టిన మనిషి దూరంగా ఎలా ఉంటుంది చెప్పు? వీడియో కాల్ పెట్టివ్వు.

జవాబు 3: వేలికి పెట్టే ఆక్సీమీటర్‌తో ఆక్సిజన్ చూసేముందు చేతులు రుద్ది వెచ్చగా చేయండి, గోళ్లకు రంగు ఉండొద్దు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అంకె నిలబడ్డాకే రాసుకోండి. 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా రాత్రి అని ఆగకుండా 108కి చేయండి.

అడిగినవారు: థాంక్స్ అక్కా, అన్నా. మాత్రలు వేయలేదు. అమ్మ మాస్కు పెట్టుకుని గడప ఇవతలే కూర్చుంది, సాయంత్రం 97 ఉంది.