చైనా బడిలో కొట్లాడే పిల్లవాడికి దిగులెందుకు?

పలకాబలపం:
1990ల్లో మనస్తత్వ పరిశోధకులు సిన్‌యిన్ చెన్, కెనెత్ రూబిన్‌ల బృందం షాంఘై బడిపిల్లలను గమనించింది. దుడుకు పిల్లలను తోటివాళ్లు ఎక్కడైనా దూరం పెడతారు. కానీ ఉత్తర అమెరికాలో అలాంటి పిల్లలు చాలామంది తమకేం తక్కువ అన్నట్టే ఉంటారు. షాంఘైలో మాత్రం వాళ్లలో ఒంటరితనం, దిగులు కనిపించాయి. కొట్లాట కన్నా, దాని తర్వాత తరగతిలో జరిగే తంతే ఇందుకు కారణమని నా వాదన. పేరు పెట్టి మందలిస్తారు, 'జ్యెన్‌థావ్' రాయిస్తారు. అంటే తన తప్పును తానే ఏకరువు పెట్టుకునే కాగితం. ఒక్కోసారి అందరి ముందూ చదివిస్తారు కూడా.

నల్లబల్ల:
మరి ముక్కు పగిలిన పిల్లవాడి తల్లికి ఏం చెబుతారు? ముక్కు పగలగొట్టి మొనగాణ్ననుకోవడం కన్నా దిగులుపడటమే నయం. పైగా 2021 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న అక్కడి విద్యాశాఖ నియమాలు కొట్టడాన్ని, అవమానించడాన్ని నిషేధించాయి.

పలకాబలపం:
అవే నియమాలు పేరు పెట్టి మందలించడానికి, జ్యెన్‌థావ్ రాయించడానికి, ఒక పీరియడ్ దాటకుండా తరగతిలో నిలబెట్టడానికి అనుమతిచ్చాయి. ఆ సగం వదిలేశారేం?

సంచారి:
మా అబ్బాయి అక్కడ నాలుగో తరగతి చదివాడు. వాడి పక్క కుర్రాడి చొక్కా చేతికి రెండు ఎర్ర గీతల బిళ్ల ఉండేది, తరగతి నాయకుడి గుర్తు. ఒకణ్ని తోసేశాడని తీసేశారు. చొక్కా మీద పిన్నీసు చిల్లులు మిగిలాయి. సాయంత్రానికి ఆ పిల్లవాడి తల్లి తల్లిదండ్రుల వీచాట్ గ్రూపులో అందరికీ క్షమాపణ చెప్పుకుంది. మర్నాటి నుంచి మావాడు కూడా ఆ కుర్రాడితో ఆడటం మానేశాడు. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరూ చెప్పలేదన్నాడు.

నల్లబల్ల:
సంచారి గారూ, ఎవరూ చెప్పలేదంటే అది పిల్లల తీర్పే కదా! చెన్ బృందమే 1990, 1998, 2002 సంవత్సరాల షాంఘై పిల్లలను పోల్చింది. 1990లో తోటివారి ఆదరణ పొందిన బిడియస్తులే 2002 నాటికి వెలివేతకు గురయ్యారు. బిడియస్తుణ్ని ఏ టీచరూ నిలబెట్టి మందలించలేదే! అంతా బడి నెత్తిన రుద్దకండి.

పలకాబలపం:
ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ బిడియస్తుణ్ని వెలివేయడానికి బడి తోడు రాలేదు. ఈ కుర్రాడి విషయంలో టీచరు, గ్రూపు, తరగతి ఒక్కరోజులోనే ఒక్కటయ్యాయి. బిళ్ల తిరిగి ఇచ్చారా?

సంచారి:
మూడు వారాలకు ఇచ్చారు. ఆ నెలలోనే పుట్టినరోజుకు పిలిస్తే మావాడొక్కడే వెళ్లాడు, అదీ నేను బలవంతం చేస్తే.