చుక్కకి ఇల్లు వెతికేటప్పుడు అన్నీ ముందే చెప్పెయ్యాలా?

కృష్ణలంక అక్క:

మాది విజయవాడ. నిరుడు వానాకాలంలో బందరు రోడ్డు మీద ఏదో బండి గుద్దేసి వెళ్ళిపోతే ఒక ఊరకుక్కని ఇంటికి తెచ్చాం. గోధుమరంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. అందుకే చుక్క అని పిలుస్తున్నాం. వయసు రెండేళ్ళుంటుందన్నారు. వెన్నెముక దెబ్బతిని వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. డాక్టరుగారు పట్టకారుతో కాలివేళ్ళు గట్టిగా నొక్కినా అది తిరిగి కూడా చూడలేదు. ఆ నొప్పి తెలియకపోతే మళ్ళీ నడవడం చాలా కష్టమని ఆ రోజే చెప్పారు.

పీవీసీ పైపులతో చిన్న చక్రాల బండి చేయించాం. అది కడితే చాలు, మా సందు చివర దాకా పరుగే పరుగు. మనుషులంటే దానికి ప్రాణం. కానీ మావారికి బదిలీ అయింది. వెళ్ళే ఊళ్ళో దొరికిన ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. దానికి శాశ్వతంగా ఒక ఇల్లు చూడాలి.

ఇంతకుముందు ఒకసారి చూశాం. బండిలో పరుగెత్తే వీడియో పెట్టి, ప్రేమించే కుటుంబం కావాలని రాశాను. చాలామంది షేర్ చేశారు. ఒక కుటుంబం వచ్చి, ముద్దు చేసి తీసుకెళ్ళారు. 19వ రోజున తిరిగి తెచ్చి దింపారు. దానంతట అది పోసుకోలేదు, యూరిన్ చేత్తో పొట్ట నొక్కి తియ్యాలని చెప్పాను. రోజుకి నాలుగుసార్లు అనీ, పండగైనా జ్వరమైనా తప్పదనీ విడమరిచి చెప్పలేదు. వచ్చేసరికి తుంటి మీద రూపాయి బిళ్ళంత పుండు, యూరిన్‌లో రక్తం. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. చెప్పాల్సింది చెప్పని తప్పు నాది.

ఇప్పుడు మళ్ళీ పోస్టు రాయాలి. మొదటి వాక్యంలోనే అన్నీ చెప్పెయ్యాలని నేనంటున్నాను. నాతో పాటు కుక్కల్ని చూసుకునే అమ్మాయి వద్దంటోంది. ముందు చుక్కని చూడనివ్వండి, మనసు పడ్డాక చెబుదాం అంటుంది. మీరేమంటారు?

మియాపూర్ వాలంటీర్:

అక్కా, నేను మీతో పాటు కుక్కల్ని చూసుకునే ఆ అమ్మాయి పక్షమే. పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఒళ్ళంతా ఆరోగ్యంగా ఉన్న దేశీ కుక్కపిల్లకే ఇల్లు దొరకడం లేదు. ఫోన్ ఎత్తగానే అడిగేది విదేశీ జాతి కుక్కల గురించే, "ల్యాబ్ ఉందా, షిట్జూ ఉందా" అని. ఇక పుండు, డైపరు, రక్తం అని మొదలుపెడితే ఎవరూ రెండో లైను చదవరు. ఫోన్ రాకపోతే మీ నిజాయితీ వల్ల చుక్కకి ఒరిగేదేముంది? వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను అబద్ధం ఆడమనడం లేదు, ఏది ముందు చెప్పాలో చూసుకోమంటున్నాను. మంచి ఫోటో, మంచి మాట ముందు. మిగతావి ఫోన్లో.

తెనాలి పశువైద్యుడు:

దాచి చేసిన పెళ్ళిళ్ళు తర్వాత ఏమవుతాయో కూడా మన ఊళ్ళలో అందరికీ తెలుసు. పెళ్ళికూతురైతే పుట్టింటికి వచ్చి చెప్పుకుంటుంది. చుక్క చెప్పలేదు. 19 రోజుల్లో ఏం జరిగిందో దాని తుంటి మీద పుండు చూసి మనం తెలుసుకోవాల్సి వచ్చింది.

వైద్యుడిగా ఒక మాట. చాలామంది పొరబడేది ఎక్కడంటే, పరుపు తడిగా ఉంటే "అదే పోసుకుంటోంది కదా" అనుకుంటారు. కాదు. బ్లాడర్ నిండిపోయి పొంగి కారుతోందంతే. లోపల నిలవ ఉన్నది నిలవ ఉంటుంది, చీము పడుతుంది, చివరికి కిడ్నీల దాకా పోతుంది. ఆ కుటుంబం కూడా ఇలాగే పొరబడి ఉంటుందని నా అనుమానం. ఇది ఫోన్లో చెబితే బుర్రకెక్కదు, చేతికి తెలియాలి.

ఇంకోటి. "స్పెషల్ నీడ్స్" అని ఒకే మాటతో అన్నిటినీ కట్టగట్టడం మానేస్తే మంచిది. మూడు కాళ్ళ కుక్క నెల తిరిగేసరికి మామూలు కుక్కలాగే తిరుగుతుంది. కళ్ళు పోయినది ఇంట్లో మంచాలూ కుర్చీలూ జరపకుండా ఉంటే దారులన్నీ వాసనతో, గుర్తుతో నేర్చుకుంటుంది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుంచి బయటపడి ఒళ్ళు అదురుతూ ఉండిపోయినవి చూడటానికి భయంగా ఉంటాయి గానీ, చాలావాటికి మనిషి చెయ్యి అంతగా అక్కర్లేదు. ఆ జబ్బు మనుషులకి అంటదు కూడా. చుక్క లాంటిది వేరు. దానికి గడియారం ప్రకారం ఒక మనిషి కావాలి. ఏ రకమో పోస్టులో రాయకపోతే తీసుకునేవాళ్ళు దేనికి సిద్ధపడాలో వాళ్ళకెలా తెలుస్తుంది?

గుంటూరు మాస్టారు:

అమ్మా, నా మాట కటువుగా ఉంటే మన్నించు. నాకూ కుక్కలంటే ఇష్టమే. కానీ ఒక్కదాని డైపర్లకీ మందులకీ నెల నెలా అయ్యే ఖర్చుతో వీధిలో ఎన్నిటికో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లూ రేబిస్ టీకాలూ చేయించవచ్చు. నడవలేని ప్రాణాన్ని చేతులు మార్చి మార్చి బతికించడం దాని కోసమా, మన తృప్తి కోసమా? మత్తు ఇచ్చి ప్రశాంతంగా పంపెయ్యడం గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు?

తెనాలి పశువైద్యుడు:

మాస్టారూ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. వీధికుక్కల జనన నియంత్రణ కోసం కేంద్రం తెచ్చిన 2023 ఏబీసీ రూల్స్‌లో దానికి చోటుంది. నయం కాని జబ్బు ఉన్నవాటికీ, బతకలేనంత గాయపడ్డవాటికీ డాక్టర్లు నిర్ధారించాక నొప్పి లేకుండా ప్రాణం తియ్యవచ్చు. నా చేతులతో చేశాను, చేయాల్సి వచ్చినప్పుడు మళ్ళీ చేస్తాను. కానీ సందు చివర దాకా పరుగెత్తి, గిన్నె నాకి, మనిషి గొంతు వింటే చెవులు వెనక్కి వాల్చే కుక్క ఆ లెక్కలోకి రాదు. కాళ్ళు లేకపోవడం వేరు, బాధపడటం వేరు. పుండ్లు మానకుండా, ఇన్ఫెక్షన్ తగ్గకుండా, చూసే మనిషి లేకుండా పోతే అప్పుడు మీ ప్రశ్నే నేనూ అడుగుతాను.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి పట్టుకున్న చోటే వదలడం మామూలు కుక్కకి కుదురుతుంది. దీన్ని రోడ్డు మీద వదిలితే వారం బతకదు. షెల్టర్ అంటారా, 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గరి కుక్కల్ని షెల్టర్లకి తరలించమన్నాక వాటి మీద భారం ఇంకా పెరిగింది. వంద కుక్కలకి ముగ్గురు పనివాళ్ళున్న చోట రోజుకి నాలుగుసార్లు ఎవరు కూర్చుంటారు? అందుకే దానికి ఇల్లే కావాలి.

డాలస్ నుంచి:

అమెరికాలో పెట్టండి, ఇక్కడ తీసుకుంటారు అని ఎవరైనా అనేలోపే చెబుతున్నాను. నేను మా అమ్మానాన్నల కుక్కని తెచ్చుకున్నాను కాబట్టి తెలుసు. 2024 ఆగస్టు 1 నుంచి ఇక్కడికి కుక్కల్ని తెచ్చే రూల్స్ మారాయి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా కాగితాలు పక్కాగా ఉండాలి, రక్తపరీక్ష ఉంటే మంచిది. అవన్నీ ఓపిగ్గా చేసుకోవచ్చు. కానీ ఇంటి నుంచి ఇంటికి ఇరవై గంటల పైన ప్రయాణం. మాది ఆరోగ్యంగా ఉన్న కుక్క కాబట్టి తట్టుకుంది. ఆరు గంటలకోసారి నొక్కి తియ్యాల్సిన ప్రాణాన్ని కార్గోలో పంపితే దారిలో ఎవరు తీస్తారు? పక్క ఊళ్ళోనో, బెంగళూరు, చెన్నైలోనో చూడండి. తీసుకునేవాళ్ళకి డైపర్ల ఖర్చు ఏడాది పాటు నేను భరిస్తాను. ఈ మాట కూడా పోస్టులో రాయండి. డబ్బు గురించి భయపడి ఆగేవాళ్ళు కొందరైనా ముందుకొస్తారు.

రాజమండ్రి చెల్లి:

నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఇలాంటిదే ఉంది. మీ పోస్టులన్నీ చదివాక ఒకటి చెప్పాలనిపించింది. దాచడం ఎంత తప్పో, కష్టం ఒక్కటే చెప్పడమూ అంతే తప్పు. నేను చేసేది చెబుతాను చూడండి.

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి దాన్ని పెరట్లోకి ఎత్తుకెళ్తాను. నా రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తొడల ముందు పొట్టకి రెండు పక్కలా అరచేతులు ఆనిస్తాను. లోపల బత్తాయి పండంత గుండ్రంగా తగులుతుంది. గుచ్చినట్టు కాదు, నీళ్ళు నింపిన బుడగని పట్టుకున్నట్టు, మెల్లగా తోక వైపుకి నొక్కాలి. ధార వస్తుంది. బత్తాయి నిమ్మకాయంత అయ్యేదాకా ఆగకూడదు. రంగు చూస్తాను, వాసన చూస్తాను. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి బాగా తుడుస్తాను. పాలు పొంగేలోపు అయిపోతుంది. మొదటి పది రోజులు ఏడుపొచ్చింది, నిజం. ఇరవై నిమిషాలు పట్టేది, ఒక్కోసారి ఒక్క బొట్టు కూడా వచ్చేది కాదు. ఇప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా చేస్తాడు.

వీలుకానిది ఏమిటంటే, అందరం కలిసి ఊరెళ్ళడం. నాలుగేళ్ళలో ఒక్క పెళ్ళికి కూడా నలుగురం కలిసి వెళ్ళలేదు. డైపరు కన్నా ముందు ఇది రాయండి. తీసుకునేవాళ్ళు ఆలోచించుకోవాల్సింది ఇదే.

మియాపూర్ వాలంటీర్:

చెల్లెమ్మా, ఈ బత్తాయి నిమ్మకాయల సంగతి పదేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. నేను ఇచ్చిన కుక్కల్లో రెండు ఇలాగే తిరిగొచ్చాయి. వాళ్ళకి మనసు లేదనుకున్నాను గానీ, ఎలా చెయ్యాలో నేర్పలేదన్న ఆలోచనే రాలేదు. సరే, ముందే చెప్పడానికి ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం వదలను. జాలి పుట్టించే ఫోటో పెట్టకండి. జాలితో వచ్చినవాళ్ళు నెల తిరిగేసరికి అలిసిపోతారు. బండి కట్టుకుని పరుగెత్తే చుక్కే మొదట కనబడాలి, కింద ఉన్నది ఉన్నట్టు రాయండి.

గుంటూరు మాస్టారు:

నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. వీధికుక్కల ఆపరేషన్ల మాట మాత్రం మర్చిపోకండి. అయితే డాక్టరుగారు చెప్పిన తేడా అర్థమైంది. కాళ్ళు లేకపోవడం, బాధపడటం రెండూ ఒకటేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

కృష్ణలంక అక్క:

అందరికీ దండాలు. రాత్రంతా కూర్చుని రాశాను. ఇదిగో:

"చుక్క, వయసు మూడేళ్ళు. చక్రాల బండి కడితే మీకన్నా ముందు పరుగెత్తుతుంది. వెనక కాళ్ళు ఎప్పటికీ రావు. రోజుకి నాలుగుసార్లు చేత్తో యూరిన్ తియ్యాలి, ఒక్కరోజు కూడా మానడానికి లేదు. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ పని రావాలి. అందరూ కలిసి ఊరెళ్ళడం కుదరదు. మొదటి ఏడాది డైపర్ల ఖర్చు ఒక స్నేహితుడు పెట్టుకుంటారు. తీసుకెళ్ళే ముందు వారం రోజులు మా ఇంటికి వచ్చి మా చేతుల మీదుగా నేర్చుకోవాలి. వద్దనిపిస్తే ఎప్పుడైనా, ఏ కారణానికైనా తిరిగి ఇవ్వండి, ఒక్క మాట అనము."

చివరి వాక్యం మావారు చేర్పించారు. పోయినసారి వాళ్ళు మొహమాటపడి 19 రోజులు ఆగారు, మూడో రోజే తెచ్చుంటే ఆ పుండు పడేది కాదు అన్నారు.

తాడేపల్లి కొత్త సభ్యురాలు:

నిన్నటి నుంచి చదువుతున్నాను, రాయడానికి ధైర్యం చాలలేదు. మా అమ్మ మంచాన ఉన్న మూడేళ్ళూ అన్నీ నేనే చేశాను. పోయిన ఉగాదికి వెళ్ళిపోయింది. నాన్నా నేనూ ఇంట్లోనే ఉంటాం, కింది అంతస్తు, పెరడు ఉంది. నాన్నని ఇంకా ఒప్పించాలి. తీసుకుంటానని మాటివ్వలేను. ఒకసారి వచ్చి ఎలా తీస్తారో చూడవచ్చా అక్కా?

కృష్ణలంక అక్క:

రా తల్లీ. మాట ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆదివారం పొద్దున ఆరున్నరకి మొదటిసారి తీస్తాను, ఆ టైముకి వస్తే నీ చేత్తోనే పట్టిస్తాను. నాన్నగారిని కూడా తీసుకురా. పాత చీర ఒకటి తెచ్చుకో, మొదటిసారి ఒంటి మీద పడుతుంది.