హైస్కూలు చరిత్రలో తేదీలు బట్టీ పట్టించాలా, వద్దా?

చాక్‌పీసు:
పన్నెండేళ్లుగా హైస్కూల్లో చరిత్ర చెబుతున్నాను. ఈ ఏడాది తేదీల స్లిప్ టెస్టు ఎత్తేద్దామన్నాను. స్టాఫ్‌రూమ్‌లో పెద్ద గొడవే అయింది. సగం మంది శభాష్ అన్నారు, మిగతా సగం నేనేదో పిల్లల్ని చెడగొడుతున్నట్టు చూశారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నా బాధ ఇది. ఫ్రెంచి విప్లవం పాఠంలో "బాస్టిల్ కోట ఎప్పుడు పడింది?" అంటే క్లాసంతా ఒకే గొంతుతో "1789 జులై 14" అని అరుస్తుంది. "ఆ రోజు కోటలో ఎంతమంది ఖైదీలున్నారు?" అంటే వందలంటారు, వేలంటారు. ఉన్నది ఏడుగురే. మరి జనం అంత తెగించి ఎందుకు వెళ్లారు? ఆ పొద్దున్నే వేరేచోట తుపాకులు చేజిక్కించుకున్నారు, తుపాకి మందు కోటలో ఉంది. ఇది చెప్పేసరికి పిల్లల మొహాలు చూడాలి. తేదీ వచ్చు కాబట్టి అంతా వచ్చనుకుంటున్నారు.

వెనకబెంచీ:
ఎత్తేయండి మేడం, పుణ్యముంటుంది. మా రోజుల్లో చరిత్రంటే "జతపరచుము". ఎడమవైపు సంఘటనలు, కుడివైపు తేదీలు, మధ్యలో గీతలు. యూరప్ రాజ్యాలన్నీ కూర్చుని మాట్లాడుకున్న వియన్నా కాంగ్రెస్ ముగిసింది 1815లో అని నిద్రలో లేపి అడిగినా చెబుతా. అక్కడ ఎవరు ఏం మాట్లాడుకున్నారో మాత్రం అడక్కండి. ఫోన్లో క్షణంలో దొరికేదాన్ని పిల్లలచేత వల్లె వేయించడం దేనికి?

ఎక్కాల మాస్టారు:
నేను లెక్కలవాణ్ణి, వేలు పెడుతున్నందుకు మన్నించాలి. క్యాలిక్యులేటర్ ఉంది కదా అని ఎక్కాలు మానేస్తే ఏమవుతుందో రోజూ చూస్తున్నా. భిన్నాల లెక్క మధ్యలో ఏడు ఎనిమిదులు ఎంతో వెతుక్కోవడానికి పిల్లాడు ఆగుతాడు. అక్కడితో అసలు లెక్క మర్చిపోతాడు.

తేదీలూ అంతే. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను సారాయెవోలో కాల్చింది 1914 జూన్ 28న. ఆ హత్యతో రాజుకున్న మొదటి ప్రపంచ యుద్ధానికి ముగింపుగా జర్మనీతో చేసుకున్న వెర్సాయ్ ఒప్పందం మీద సంతకాలు పడింది 1919 జూన్ 28న. సరిగ్గా ఐదేళ్లు. ఈ రెండూ తలలో ఉన్నవాడికి ఠక్కున తగులుతుంది. ఫోన్లో చూసుకుందామనుకునేవాడికి అసలు చూడాలని తడితే కదా!

వెనకబెంచీ:
ఠక్కున తగిలింది సరే మాస్టారూ. దాంతో యుద్ధం ఎందుకొచ్చిందో తెలిసిందా?

ఎక్కాల మాస్టారు:
ఆ ఒక్కదాంతో తెలీదు. మిగతావి కూడా వరుసగా పెట్టండి. జూన్ 28న హత్య. జులై 28న సెర్బియా మీద ఆస్ట్రియా యుద్ధ ప్రకటన. 30న రష్యా తన సైన్యమంతటినీ సమీకరించమని ఆజ్ఞ ఇచ్చింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న బ్రిటన్ దిగింది. హత్య జరిగాక నెల రోజులు ఒక్క ప్రకటనా లేదు, ఆ తర్వాత వారంలో యూరప్ అంతా అంటుకుంది. నెలంతా ఏం చేశారు? వారంలోనే ఎందుకు చేయి దాటిపోయింది? "హత్య వల్ల యుద్ధం వచ్చింది" అని ఒక్క ముక్కలో చదువుకున్నవాడికి ఈ ప్రశ్నే రాదు.

ఇంటిదగ్గర టీచరు:
మా ఇంట్లో సంగతి చెబుతా. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలంటే నాలుగు సైడ్ హెడింగులు: సైనికవాదం, కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం. ఒక్కోదాని కింద మూడు లైన్లు. పోయిన పరీక్షలో అది సొంతంగా ఐదోది రాసింది, "రైళ్ల టైంటేబుళ్లు" అని. లక్షల సైన్యాన్ని రైళ్లలో తరలించడానికి ముందే నిమిషాలతో సహా ప్లాన్ వేసి పెట్టుకున్నారని, ఒకసారి కదిలిస్తే మధ్యలో ఆపడం కష్టమని ఎక్కడో చదివిందట. పేపరు దిద్దినవాళ్లు అడ్డంగా గీత కొట్టి, ఎర్ర ఇంకుతో "పుస్తకంలో లేదు" అని రాశారు.

ఒక మార్కు పోతే పోయింది. ఆ రోజు నుంచి సొంతంగా రాయడం మానేసింది, అదీ నా కడుపుమంట. మీరేమో తేదీలు బట్టీయా కాదా అని కొట్టుకుంటున్నారు. కారణాలు కూడా బట్టీయే అయిపోయాయి కదండీ!

చాక్‌పీసు:
ఇంటిదగ్గర టీచరు గారూ, మాస్టారు అడిగిన "వారంలోనే ఎందుకు" అన్నదానికి మీ అమ్మాయి రాసిందే సగం జవాబు. నేనైతే ఒక మార్కు ఎక్కువే వేసేదాన్ని. ఆ మాట అమ్మాయికి చెప్పండి.

మాస్టారూ, మీ వరుసకు నేను సగం లొంగాను. కానీ ఇది వినండి. మొన్న పిల్లలకు ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ డైరీలోని ఒక్క ముక్క ఇచ్చాను. 1789 జులై 14 తేదీ కింద రాజుగారు రాసుకున్నది ఒకే మాట: "ఏమీ లేదు". క్లాసంతా ఒకటే నవ్వు. రాజ్యం కూలిపోతుంటే ఏమీ లేదంటాడేంటి మేడం, ఎంత మొద్దు రాజు అని. వెనకనుంచి ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. "మిగతా రోజుల కింద ఏం రాశాడు మేడం?" అంది.

అదీ ప్రశ్నంటే! ఆ డైరీ చాలావరకు వేట లెక్కల పుస్తకం. ఏ రోజు ఏం కొట్టాడో రాసుకునేవాడు. "ఏమీ లేదు" అంటే ఆ రోజు వేట లేదని. ఆ పిల్ల తేదీల టెస్టులో పదికి నాలుగు తెచ్చుకుంది. అందుకే టెస్టు మీద నాకు కోపం.

పాతకాగితం:
చాక్‌పీసు గారూ, కథ బాగుంది. కానీ ఆధారాన్ని నిలదీయడం, తేదీలు తెలియడం వేర్వేరనుకోకండి. "కాన్‌స్టంటైన్ దానపత్రం" అని ఒకటుంది. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ భాగం మీద అధికారాన్ని పోప్‌కు రాసిచ్చేశాడని నాలుగో శతాబ్దం పేరుతో చెలామణీ అయింది. 1440లో లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు అది దొంగ పత్రమని తేల్చాడు. ఆ లాటిన్ ఆ కాలపు లాటిన్ కాదన్నాడు. రోమ్ అధికారులను "సత్రపులు" అని, పర్షియా గవర్నర్లను పిలిచే మాటతో పిలవడమేంటని ఎగతాళి చేశాడు. అన్నిటికంటే నాకు నచ్చిన దెబ్బ ఇంకోటి. ఆ పత్రంలో కాన్‌స్టాంటినోపుల్ పీఠం ప్రస్తావన ఉంది. పత్రం రాసినట్టు చెప్పే నాటికి ఆ నగరం ఇంకా కట్టనే లేదు! దాని ప్రతిష్ఠ జరిగింది 330లో.

ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ఆ దొంగ దొరికేవాడా? వాట్సాప్‌లో వచ్చే "చారిత్రక ఉత్తరాలు" పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు.

వెనకబెంచీ:
అయితే వల్లాకి కావలసింది వరుసేగా? నెల, తేదీ ఎందుకు? పైగా తేదీలే నిలకడగా ఉండవు. రష్యా అక్టోబర్ విప్లవం మన క్యాలెండర్లో నవంబర్ 7, 1917. వాళ్ల పాత క్యాలెండర్ 13 రోజులు వెనక ఉండేది కాబట్టి అక్కడ అక్టోబర్ 25. 1918లో మార్చుకున్నప్పుడు జనవరి 31 తర్వాత తిన్నగా ఫిబ్రవరి 14 వచ్చింది. ఎగిరిపోయిన ఆ పదమూడు రోజుల్లో పుట్టినరోజున్నవాళ్ల సంగతేంటో!

ఎక్కాల మాస్టారు:
నవ్వించారు. కానీ 1914లో వరుస ఒక్కటే సరిపోదు. నెల, వారం అన్న ఎడమే అక్కడ కథంతా. వల్లాకి వరుస చాలు, ఒప్పుకుంటా. ఎక్కడ ఏది కావాలో టీచరుకు తెలిస్తే చాలు. అన్నిటికీ తేదీ అంటే మీ "జతపరచుము" అవుతుంది.

చాక్‌పీసు:
సరే, సోమవారం నుంచి ఇలా చేస్తా. పది చీటీల మీద పది సంఘటనలు, తేదీల్లేకుండా. పిల్లలు వరుసగా పేర్చాలి.

ఎక్కాల మాస్టారు:
మార్కులెలా వేస్తారు? చివరి చీటీ మొదటికొస్తే మిగతావన్నీ ఒక్కో స్థానం జరుగుతాయి. స్థానం చూసి వేస్తే ఒక్క తప్పుకి పది మార్కులూ పోతాయి.

చాక్‌పీసు:
పక్కపక్క జతలకు వేస్తా. ఏది ముందు, ఏది తర్వాత అన్నది సరిపోతే మార్కు.

ఎక్కాల మాస్టారు:
పది చీటీలకి తొమ్మిది జతలే వస్తాయి మేడం. పదో మార్కు?

చాక్‌పీసు:
ఒక జత ఎంచుకుని, ఆ రెంటి మధ్య ఎడం అంతే ఎందుకుందో సొంతంగా ఒక వాక్యం రాయాలి. పుస్తకంలో లేకపోయినా సరే.

ఇంటిదగ్గర టీచరు:
మీ స్కూల్లో సీట్లున్నాయా?