‘కాంటలూప్’ యాసిడ్ జాజ్ అవుతుందా?

పాతరికార్డులు:
నిన్న ఇక్కడ పెట్టిన యాసిడ్ జాజ్ (జాజ్‌కు ఫంక్, డాన్స్ సంగీతం కలిపిన బాణీ) జాబితాలో అస్3 బృందం ‘కాంటలూప్’ మొదటి స్థానంలో ఉండడం నాకు సమ్మతం కాదు. ఆ పాటకు ఆయువుపట్టు 1964లో జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ వాయించిన పియానో వరస. ఆ రికార్డులోంచి ముక్క కత్తిరించి శాంపిల్‌గా తీసుకుని, కింద మళ్లీమళ్లీ తిరిగే డ్రమ్ముల లూపు పరిచి, పైన ర్యాప్ చెప్పించారు కనుక అది హిప్‌హాప్ అవుతుంది. యాసిడ్ జాజ్ బృందం జేమ్స్ టేలర్ క్వార్టెట్‌లో హామండ్ ఆర్గన్ ముందు మనిషి కూర్చుని వాయిస్తాడు. ఆ ఆర్గన్ ధ్వనిని తిప్పి వినిపించే లెస్లీ స్పీకరు మీట వేయగానే లోపల తిరిగే కొమ్ము వెంటనే వేగం అందుకోదు, ఒక్క క్షణం ఆగి ఊపందుకుంటుంది. వాద్యగాడు ఆ క్షణాన్ని కూడా లెక్కలో పెట్టుకుని వాయిస్తాడు. నా దృష్టిలో జాజ్ అంటే అది.

గోదారిగట్టు:
‘కాంటలూప్’లో ట్రంపెట్ వాయించింది కూడా మనిషేనండీ, జెరార్డ్ ప్రెసెన్సర్.

పాతరికార్డులు:
ఒక్క ట్రంపెట్ చేర్చినంత మాత్రాన పాట జాతి మారదు.

సూదిమొన:
పాతరికార్డులు గారూ, అసలు ఆ పేరు పెట్టింది వాద్యగాళ్లు కాదు. 1980ల చివర లండన్‌లో యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం జోరు మీద ఉన్నప్పుడు, క్రిస్ బ్యాంగ్స్, జైల్స్ పీటర్సన్ వంటి డీజేల నోట పుట్టిన మాట అది. పీటర్సన్, ఎడ్డీ పిల్లర్ కలిసి అదే పేరుతో రికార్డు కంపెనీ పెట్టారు. క్యామ్డెన్‌లోని డింగ్‌వాల్స్ క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నాలు పీటర్సన్, ప్యాట్రిక్ ఫోర్జ్ పాత జాజ్, ఫంక్, బ్రెజిల్ రికార్డులను ఒకదాని వెంట ఒకటి వేస్తుంటే జనం నాట్యం చేశారు. ఆ రికార్డుల్లో చాలావాటికి తాము యాసిడ్ జాజ్ అవుతామన్న సంగతే తెలియదు. అలాంటప్పుడు శాంపిల్‌ను గుమ్మం దగ్గరే ఆపే హక్కు ఎవరికి ఉంది?

వీధిఅరుగు:
కంపెనీని బట్టి తేల్చడమూ కుదరదు. జమీరొక్వై బృందం 1992లో తొలి సింగిల్‌ను ఆ కంపెనీలోనే విడుదల చేసి, తర్వాత సోనీకి వెళ్లింది. ఇన్‌కాగ్నిటో తొలి ఆల్బమ్ 1981 నాటిది, అంటే పేరు కంటే బృందమే పాతది.

పాతరికార్డులు:
హక్కు మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. హైదరాబాదులో ఒక హోటల్లో మేము నలుగురం రెండేళ్లపాటు ప్రతి శనివారం వాయించాము. ఒక వారం మమ్మల్ని రావద్దని చెప్పి, ల్యాప్‌టాప్‌తో ఒక్క మనిషిని కూర్చోబెట్టారు. గోడ మీది పోస్టరులో మాత్రం ‘లైవ్ యాసిడ్ జాజ్’ అన్న మాటను అలాగే ఉంచారు. ఆ పేరును దేనికైనా తగిలించవచ్చని మీరు అంటున్నప్పుడల్లా నాకు ఆ పోస్టరే కనిపిస్తుంది.

సూదిమొన:
మీకు జరిగింది అన్యాయం, ఆ పోస్టరులో ఉన్నది అబద్ధం. అయితే డీజేగా పదిహేనేళ్లుగా నేను వింటున్న మాట కూడా చెప్పనివ్వండి: ‘నువ్వు వాయించేదేముంది, మీట నొక్కడమేగా.’ మనుషులు వాయించిన పాత రికార్డులో లయ ఒక్క తీరుగా ఉండదు, మధ్యలో కాస్త పరుగెత్తుతుంది. అప్పుడు తిరుగుతున్న రికార్డు పళ్లెం అంచుకు వేలు ఆనించి, రెండో రికార్డుతో అది కలిసేదాకా చెవి ఒగ్గి పట్టుకోవాలి. మీరు పాటను కాదంటున్నారనుకున్నాను గానీ, మీరు కాదంటున్నది ఆ వేలిని.

పాతరికార్డులు:
ఆ వేలిని కాదనను. ట్రంపెట్ విషయంలోనూ నేను తొందరపడ్డాను. కానీ హాన్‌కాక్ పియానో ఆ పాటలో ఎదుటివారి వాయిద్యానికి బదులు పలకలేదు, పలకడం దానికి సాధ్యమూ కాదు. ఆ ఒక్క కారణంతో దానిని మొదటి స్థానం నుంచి తీసేయమనే ఇప్పటికీ అడుగుతున్నాను.