అప్‌డేట్: శరణార్థుల మీద నవల అడిగాను కదా, చదివేశాను

శరణార్థుల జీవితం మీద మనసుకు పట్టే నవల చెప్పమని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినవాటిలో క్రిస్టీ లెఫ్టెరి రాసిన 'ది బీకీపర్ ఆఫ్ అలెప్పో' (2019) ముందు మొదలుపెట్టాను. చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్.

సిరియాలో తేనెటీగలు పెంచుకునే నూరి, చిత్రకారిణి అయిన అతని భార్య అఫ్రా. యుద్ధంలో కొడుకు పోయాడు, ఆమెకు చూపు పోయింది. టర్కీ, గ్రీస్ మీదుగా ఇంగ్లండ్ చేరతారు. అక్కడ శరణు కోసం ఇంటర్వ్యూకి ఎదురుచూడటం ఒక టెన్షన్ అయితే, ఒకే గదిలో ఉండి కూడా ఒకరినొకరు తాకలేకపోవడం అంతకంటే పెద్ద బాధ. నన్ను కదిలించింది సముద్రం దాటడం కన్నా ఈ దూరమే. భార్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నానని నూరి అనుకుంటాడు. అతని మనసు ఎంత చితికిపోయిందో మనకు మెల్లగా తెలుస్తుంది.

రచయిత్రి ఏథెన్స్‌లోని శరణార్థి కేంద్రంలో వాలంటీర్‌గా పనిచేశారు. ఆ దగ్గరితనం ప్రతి పేజీలో ఉంది. కథ గతంలోకీ వర్తమానంలోకీ మారుతుంటుంది కాబట్టి మొదట్లో కాస్త ఓపిక పట్టండి. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం ముందే చెప్పి ఇవ్వండి.

తర్వాత మొహ్సిన్ హమీద్ 'ఎగ్జిట్ వెస్ట్' చదవబోతున్నాను.